ఆర్స్ గ్రామ గురువు జాన్ మరియ వియాన్నీ

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు మహాపురుషుని చరిత్ర మొకటి వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. రాజులను గూర్చియు కవులను గూర్చియు వ్రాయగల సమర్థులు వేఱుగా గలరు గనుక నేనొక పల్లెటూరి గురువు కథ నెన్నుకొంటిని. ఆయన యూరు మన యూరిలో నొక వీధికి సరిపోవునంతటిది. ఆ మతమువాడను నేను గాను. అయినను ఊరి లెక్కలు వ్రాసికొని బ్రతుకువానికి ఊళ్ళ కథలు ఎక్కడివైనను చెవికింపుగనే యుండును. అందును ఈ కథలో చదువు అబ్బని వాడొకడు గలడు. ఊరు విడిచి పోవలెనని తహతహలాడి పోలేకపోయినవాడు గలడు. ఆ యిద్దఱు నొక్కడే.

కతోలిక క్రైస్తవులు ఒక గురువు చేతిక్రింద నుండు గ్రామమును విచారణ యందురు. ఆ గురువును విచారణ గురువందురు. లోకమందలి విచారణ గురువులందఱికిని పాలక పునీతుడని 1929వ సంవత్సరమున పదునొకండవ భక్తినాథ పాపుగారు ప్రకటించినది ఈ పల్లెటూరి మనుజునే. అంతకు నాలుగేండ్లకు ముందు, 1925 మే 31వ తేదీన, ఆయనకు పునీత పట్టము నిచ్చినదియు నా పాపుగారే. ఏటేట ఆగష్టు 4వ తేదీ ఆయన పండుగ. మన తెలుగు దేశమందలి విచారణలలో గూడ నాడు తమ గురువులకు పూలదండలు వేసి మన్నించు వాడుక గలదు.

జాన్ మరియ వియాన్నీ 1786 మే 8వ తేదీన ఫ్రాన్సు దేశమందు లియోన్ నగరమునకు చేరువనున్న దార్దిల్లి గ్రామమున, ఒక రైతు కుటుంబమున జన్మించెను. తండ్రి పేరు మత్తయి. తల్లి పేరు మరియ. ఆఱుగురు బిడ్డలలో నీతడు నాలుగవవాడు. గొఱ్ఱెలను గాడిదను మేపుట బాల్యమున నాతని పని. మూడేండ్లవాడై యుండగా 1789లో విప్లవము వచ్చెను. మఱుసటి యేట గురువులందఱు ప్రభుత్వపు క్రొత్త చట్టమునకు బద్ధులమని ప్రమాణము చేయవలెనను శాసనము పుట్టెను. చేయనివారు చెఱసాలలకు, దేశాంతరములకు, కొందఱు వధ్యశిలకును పోయిరి. మిగిలినవారు వడ్రంగులవలెను వంటవారివలెను వేషములు వేసికొని కొట్టములలోను ధాన్యపు గదులలోను రాత్రివేళ పూజలు సలిపిరి. ఈ బాలుడు తలిదండ్రుల చేయి పట్టుకొని చీకటిలో నట్టి పూజలకు నడచి పోయెడివాడు. పదుమూడవ యేట, 1799లో, ఎక్యుల్లి గ్రామమున నొక యింట నాతనికి ప్రథమ సత్ప్రసాద మొసంగిరి. లోపలి దీపములు వెలుపలికి కానరాకుండుటకై కిటికీలు మూసి, వాని ముందు గడ్డిబండ్లు నిలిపి, మనుష్యులు గడ్డి దించుచున్నట్లు నటించిరట. గురువనువాడు ప్రాణములకు తెగించినవాడని యా బాలుని మనసున నాడే నాటుకొనెను.

గురువు కావలెనన్న లాతీను భాష రావలెను. ఆ దినములలో పూజ యంతయు లాతీనులో, వేదాంతశాస్త్ర మంతయు లాతీనులో, పరీక్షలును లాతీనులోనే. దార్దిల్లిలో బడి పెట్టునప్పటికే యీతనికి తొమ్మిదేండ్లు. అదియు చలికాలమందు పొలము పనులు లేనపుడు మాత్రమే పోవుట. ఇరువదవ యేట ఎక్యుల్లి గురువైన బాలే గారివద్ద లాతీను వ్యాకరణము మొదలిడెను. సహాధ్యాయులు పదిపండ్రెండేండ్ల బాలురు. వారికి ఒక్కసారి చెప్పిన వచ్చునది ఈతనికి పదిసార్లకును రాదు. ముప్పది దాటిన పిదప శబ్దమంజరి చేతబట్టినవాడను గనుక, రాత్రి వల్లించినది తెల్లవాఱుసరికి ఎట్లెగిరిపోవునో, ప్రక్కనున్న పసివాడు నవ్విన నెట్లుండునో నాకు తెలియును. లోరా యను పండ్రెండేండ్ల బాలుడు పాఠము చెప్పి చెప్పి విసిగి యందఱి యెదుట నీతని చెంపపై గొట్టెనట. ఇరువదేండ్ల యీతడు ఆ బాలుని యెదుట మోకరించి తన మందబుద్ధిని మన్నింపుమని వేడుకొనెను. బాలు డేడ్చి కౌగిలించుకొనెను. ఆ లోరాయే తరువాత అమెరికాదేశమున దుబూక్ పీఠమునకు ప్రథమ మేత్రాణి యయ్యెను. ఈతడేమో లాతీను వచ్చుటకై 1806లో లా లువెస్క్ కొండమీది పుణ్యక్షేత్రమునకు భిక్షమెత్తుకొనుచు నడచిపోయి మ్రొక్కి వచ్చెను. వచ్చిన పిదప కొంత మేలు, కొంత మాత్రమే.

ఇంతలో నెపోలియను యుద్ధములు. 1809లో స్పెయిను దేశపు దండునకు పంపుటకై యీతనికి పిలుపు వచ్చెను. దారిలో జబ్బుపడి లియోనులోను రోవాన్‌లోను ఆసుపత్రుల పాలయ్యెను. లేచి వచ్చునప్పటికి దండు కదలి పోయినది. వెంటబడి పోవుచుండగా, దారిలో కలిసిన యొకడు కొండలలోని లే నోయె యను పల్లెకు తీసికొనిపోయెను. అచట పేరు మార్చుకొని, ఒక వితంతువు నింట తలదాచుకొని, పిల్లలకు చదువు చెప్పుచు పదునాలుగు నెలలు గడపెను. చట్టము మాట చెప్పవలసినచో ఈతడు దండు తప్పించుకొన్నవాడే. భక్తులు వ్రాసిన చరిత్రలలో నీ భాగము కొంత మెత్తగా చెప్పబడియుండును. 1810లో నెపోలియను రెండవ వివాహ సందర్భమున క్షమాదానము ప్రకటింపబడెను. ఈతనికి బదులుగా తమ్ముడు సైన్యమున చేరెను. అన్న యిల్లు చేరెను. తమ్ముడు మరల రాలేదు. తల్లియు 1811లో గతించెను. ఒక పద్దు కొట్టివేయుటకు మఱియొక పద్దు వ్రాయవలసి వచ్చుట లెక్కలలో మామూలే గాని, ఈ పద్దు ఆయన యెదలో తుదివఱకు చెల్లకుండెనని నా యూహ. తరువాతి కాలమున ఆయన తిండి నిద్రలయందు తన్ను తాను శిక్షించుకొన్న తీరు చదివినపుడెల్ల నాకా తమ్ముడు గుర్తు వచ్చును.

1813లో లియోన్ గురువిద్యాలయమున చేరి, లాతీను ప్రశ్నలకు ప్రత్యుత్తర మీయలేక కొన్ని నెలలకే పంపివేయబడెను. బాలే గారు విడువక తన భాషలోనే చెప్పించి మరల పరీక్షకు గొనిపోయిరి. తుదకు పీఠమును పాలించుచున్నవారు, వీనికి భక్తి కలదా యని యడిగి, కలదని విని, మిగిలినది దైవమే చూచుకొనునని యొప్పుకొనిరట. 1815 ఆగష్టు 13వ తేదీన గ్రెనోబ్లు నగరమున గురుపట్టము. ఆనాడు పట్టము పుచ్చుకొన్నవా డీతడొక్కడే. వాటర్లూ యుద్ధము ముగిసి రెండు నెలలైనను కాలేదు. త్రోవపొడుగునను ఆస్ట్రియా సైనికులు. చేత మూటతో లియోనునుండి గ్రెనోబ్లు వఱకు కాలినడకను పోయెను. పట్టమైతే నిచ్చిరి గాని, కొన్ని నెలలవఱకు పాపసంకీర్తనము వినుట కనుమతి నీయలేదు. పాపసంకీర్తన మనగా భక్తుడు తన తప్పులను గురువు చెవిలో చెప్పుకొని పరిహారము పొందుట. విన్నదానిని గురువు చచ్చువఱకు బయట పెట్టరాదు. ఆ పనికి చాలడని నిలిపినవారికి, సగము ఫ్రాన్సు దేశము ఆయన చెవిలో చెప్పుకొనుటకై వచ్చునని యెట్లు తెలియును?

రెండేండ్లకు పైగా బాలే గారికి సహాయుడుగా నుండెను. 1817 డిసెంబరులో బాలే గారు కాలముచేసిరి. ఆయన మంచమును కొన్ని గ్రంథములును ఒక చిన్న యద్దమును ఈతడుంచుకొనెను. అద్దమెందులకన, తన గురువుగారి ముఖము దానిలో ప్రతిబింబించినది గనుక. మఱుసటి ఫిబ్రవరిలో ఆర్స్ గ్రామమునకు పంపిరి. అది లియోనునకు ఉత్తరముగా దాదాపు ముప్పదియైదు కిలోమీటర్ల దూరమున, దోంబ్ యను చెరువుల ప్రాంతమందున్నది. నలువది యిండ్లు, రెండువందల ముప్పదిమంది జనము. అప్పటికది పూర్తి విచారణ కూడ కాదు; ఆ గౌరవము 1821లో కలిగెను. పంపువారికి అది శిక్షగా పంపు ఊరు. ఈతడు నడచి వచ్చుచుండగా మంచు క్రమ్మి దారి తప్పెను. గొఱ్ఱెలు కాయు బాలు నొకని నడుగగా వాడు చేయి చూపి ఊరి పొలిమేరవఱకు తీసికొనివచ్చెను. తనకు ఆర్స్ త్రోవ చూపినందుకు వానికి మోక్షపు త్రోవ చూపెదనని యా గురువు మాట యిచ్చెనని చెప్పుదురు. ఆ చోట నేడొక స్మారక విగ్రహము గలదు. తాను గొఱ్ఱెలు కాచినవాడే గనుక వానితో మాటలాడుట యాయనకు తెలిసియుండును.

ఆర్స్ ప్రజలు దుర్మార్గులు గారు. విప్లవ సంవత్సరములలో గుడి మూతబడి, చెప్పువారు లేక, అలవాటు తప్పినవారు. ఆదివారము కోతలు కోసికొందురు, సాయంకాలము త్రాగుదురు, పండుగలకు నాట్యములు. ఆ నలువది యిండ్ల యూరికి నాలుగు మద్యశాలలు! క్రొత్త గురువు మొదట చేసినది బోధ కాదు. తన యింట జమీందారిణి యుంచిన మంచి సామాను లన్నియు తిరిగి పంపివేసెను. తెల్లవాఱకముందే గుడిలో దీపముండుట రైతులు చూచిరి. వారమునకు సరిపడ బంగాళాదుంపలు ఒక యినుప కుండలో తానే యుడికించుకొని, గిన్నె త్రాటికి వ్రేలాడగట్టి, చల్లారినవే తినుట చూచిరి. ఇంటింటికి పోయి పంటల సంగతి, పశువుల సంగతి మాటలాడుట చూచిరి. తరువాత బోధలు. ఆ బోధలను రాత్రులు కూర్చుండి వ్రాసి, కంఠస్థము చేయలేక, ప్రసంగపీఠమెక్కి నడుమ మఱచి దిగి వచ్చిన దినములు గలవు.

మద్యశాలలు ఒకటొకటిగా మూతబడెను. ఒక యజమానికి తానే సొమ్మిచ్చి వేఱు పనిలోనికి పంపెను. ఫిడేలు వాయించుటకు వచ్చినవానికి వానికి రావలసిన కూలికి రెట్టింపు చేతబెట్టి త్రోవనుండియే పంపివేసెనని చెప్పుదురు. నాట్యము విషయమున మాత్రము ఆయన మితిమీరెనని నా యభిప్రాయము. బాప్తిస్మమిచ్చు యోహాను పేర గుడిలో నొక చిన్న మందిరము కట్టించి, ఆ మహనీయుని తల ఒక నాట్యమునకు వెలగా పోయినదను భావము దాని కమానుమీద వ్రాయించెను. నాట్యమాడిన పడుచువాండ్రకు నెలల తరబడి పాపవిమోచనము నిరాకరించెను. కొందఱు పొరుగూరి గురువులకడకు పోయిరి. ఆ కాలపు ఫ్రెంచి గురువులు చదివిన శాస్త్రమే యట్టి కఠినమైనది; బాలే గారును ఆ సంప్రదాయమువారే. ఏండ్లు గడచి, వేలమంది కష్టములు విన్న పిదప, పునీత అల్ఫోన్సస్ లిగోరి గారి మృదుమార్గము మేత్రాణిగారి వలన తెలిసిన పిదప, ఆయన చాల మెత్తబడెను. పెద్ద తప్పులకు చిన్న ప్రాయశ్చిత్తము విధించి మిగిలినది తానే చేయువాడయ్యెను.

కఠినత్వమునకు ప్రతిఫలముగా నిందయు వచ్చెను. గురువుగారి యింటి ప్రక్కన నొక యవివాహిత ప్రసవింపగా, ఆ నింద నీయనపై మోపిరి. తలుపునకు మాలిన్యము పూసిరి. నెలల తరబడి రాత్రివేళ కిటికీ క్రింద నిలిచి దూషించిరి. ఆయన ఎవరిమీదను ఫిర్యాదు చేయలేదు. ఊరు విడువను లేదు. విడువవలెనను కోరిక మాత్రము నాడే మొలకెత్తినది.

గ్రంథాలయ సంచికలో చెప్పదగినది ఆయన బడి సంగతి. ఆడుపిల్లలకు చదువు లేకుండుట చూచి, కాతరిన్ లసాన్యు, బెనొయిత్ లార్దె యను నిద్దఱు గ్రామకన్యలను పొరుగూరి కన్యకామఠమునకు పంపి చదివించి, వారిచేత 1824లో ఉచిత పాఠశాల తెఱపించెను. మూడేండ్లకు అదియే దిక్కులేని బాలికలకు ఆశ్రయమయ్యెను. ప్రొవిదాన్స్, అనగా దైవసంరక్షణము, అని దానికి పేరు. ఒక్కొక్కప్పుడు అఱువదిమంది వఱకు పిల్లలుండెడివారు. నిధి లేదు, కాపు లేదు. ఒకయేట గింజలు పూర్తిగా తఱిగిపోగా, మిగిలిన పిడికెడు గింజలలో నొక పునీతుని యవశేషమును దాచి పిల్లలచేత ప్రార్థన చేయించెననియు, మఱునాడు కొట్టు నిండియుండెననియు ఊరివారు చెప్పుకొనిరి. నమ్మువారు నమ్ముదురుగాక, అఱువదిమంది పిల్లలకు రోజూ రొట్టె దొరికిన మాట మాత్రము లెక్కకు నిలుచునది. చదువురాని గురువు చదివించిన యా కాతరిన్ తన జ్ఞాపకములను వ్రాసిపెట్టెను. ఆయన జీవితమును గూర్చి నేడు మనకు తెలిసినదానిలో చాల భాగము ఆ పల్లెపడుచు చేతివ్రాత వలననే. 1847-48 కాలమున ఆ యాశ్రయమును పునీత యోసేపు కన్యకలకు అప్పగింపవలసి వచ్చినపుడు ఆయన పడిన బాధ యింతంత కాదు. సంస్థ చక్కగా నడచుటకే యప్పగించిరి. అయినను చేతులతో పెంచినది చేజాఱిన బాధ వేఱు.

1830 ప్రాంతమునుండి జనము రాజొచ్చిరి. మొదట పొరుగూళ్ళవారు, పిదప లియోనువారు, ఆ పిదప దేశమంతయు. ఎదుటివాడు నోరు విప్పకమున్నే వాని మనోవ్యథ నీయన చెప్పునను ప్రతీతి. ప్రఖ్యాత వక్తయైన లకొర్దేర్ 1845లో వచ్చి, రైతుల నడుమ కూర్చుండి యీయన బోధ విని పోయెను. ఆర్స్ పోవువారికై లియోన్ స్టేషనులో ఎనిమిది దినములు చెల్లుబడియగు ప్రత్యేకపు టిక్కెట్లు అమ్మిరి. తన వంతు రావలెనన్న అన్నిదినములు పట్టుచుండెను. 1858-59 నాటికి సంవత్సరమునకు ఎనుబది వేలమంది వచ్చిరని లెక్క కట్టిరి. రాత్రి యొంటిగంటకు లేచి గుడికి పోవుట. వేసవిలో దినమునకు పదునాఱు గంటలవఱకు ఆ చెక్క పెట్టెవంటి చోట కూర్చుండి వినుట. చలికాలమున కాళ్ళు మొద్దుబాఱును, వేసవిలో ఊపిరాడదు. నడుమ పదునొకండు గంటలకు పిల్లలకు జ్ఞానోపదేశము. అంగీ అంచులు కత్తిరించుకొని పోవువారు కూడ నుండిరి. పూటకూళ్ళ యిండ్లు వెలసెను, బండ్లు వచ్చెను. మద్యశాలలు మూయించిన యూరిలోనే సత్రములు నిండెను.

ఈ లోపల కొందఱు గురువులు, ఇంత యల్పవిద్యుని యొద్దకు జనము పోవుట మేలు గాదని మేత్రాణికి అర్జీ తయారుచేసి సంతకములకై త్రిప్పిరి. అది పొరపాటున నీయన చేతికే వచ్చెను. చదివి, తానును సంతకము చేసి పంపెను. ఇది వినయమని యందఱు వ్రాయుదురు. వినయమే, కాని దానిలో కొంత నిజమైన యాశయు లేకపోలేదు. తన్ను తీసివేయుదురేమో యను నాశ! ఒంటరిగా నెచటనైన కూర్చుండి తన పాపములకు తానేడ్చుకొనవలెనని యాయన జీవితకాలపు కోరిక. అందఱి తప్పులను వినువాడు తనకు మోక్షము కలదో లేదో యని వణకెను. ఒక రాత్రి యూరి వెలుపలి సిలువ వఱకు పోయి తిరిగి వచ్చెను. 1843లో తీవ్రమైన జబ్బునుండి లేచిన పిదప, సెప్టెంబరులో చీకటివేళ బయలుదేఱి దార్దిల్లిలోని యన్నగారిల్లు చేరెను. రెండుమూడు దినములలో జన మచ్చటికి వచ్చి నిండిరి. వారముదినములకు ఆర్స్‌కు తిరిగి రాగా ఊరంతయు గంటలు మ్రోగించుచు నెదురువచ్చెను. 1853 సెప్టెంబరులో తుది ప్రయత్నము. అర్ధరాత్రి కఱ్ఱ చేతబట్టి బయలుదేఱగా సహాయ గురువునకు తెలిసిపోయెను. ఒకరు త్రోవకడ్డము నిలిచిరి. ఒకరు ఆయన ప్రార్థనపుస్తకము లాగికొనిరి, అది లేక కదలడని యెఱిగి. ఎవరో గంట మ్రోగించిరి. ఊరు నిప్పంటుకొన్నదేమోయని జనము బిందెలతోను, దొంగలేమోయని కొందఱు పలుగులతోను పరుగెత్తి వచ్చిరి. చుట్టుముట్టిన జనమును చూచి, యా యఱువదియేడేండ్ల వృద్ధుడు మాటలాడక గుడిలోనికి పోయి తన చోట కూర్చుండి, వచ్చినవారి పాపములు వినుటకు మొదలిడెను.

గౌరవములకును కొదువ లేదు. 1852లో మేత్రాణిగారు గౌరవ పదవి నొసగి పట్టుటంగీ భుజములపై వేయగా, దానిని ఏబది ఫ్రాంకుల కమ్మి బీదల ఖాతాకు జమకట్టెను. చక్రవర్తి మూడవ నెపోలియను 1855లో పతకము పంపగా, దానివలన బీదల కేమైన సొమ్ము వచ్చునా యని విచారించి, రాదని తెలిసి, పక్కన పెట్టెను. అమ్మిన యంగీ చీటీ నా కంటికి చక్రవర్తి పతకముకంటె మిన్నగా తోచును.

1859 వేసవి దుర్భరమైన యెండలు గలది. జూలై 29వ తేదీన ఎప్పటివలెనే కూర్చుండి, నడుమ నడుమ తూలుచు, రాత్రికి ఇల్లు చేరెను. మఱునాడు లేవలేకపోయెను. ఈ మారు పాఱిపోవు మాట యెత్తలేదు. మంచమునొద్దకును కొందఱు వచ్చి మోకరించి చెప్పుకొనిరి, విని దీవించెను. గది కాగిన పెనమువలె నుండుట చూచి ఆర్స్ రైతులు తమ యిండ్లనుండి పెద్ద పెద్ద గుడ్డలు తెచ్చి ఆయన యింటి పైకప్పుమీదను గోడలమీదను పఱచిరి. నిచ్చెనలు వేసికొని, వంతులవారీగా నీళ్ళు మోసికొనివచ్చి పోయుచు, ఆ గుడ్డలు ఆఱిపోకుండ చూచిరి. ఒకప్పుడు తలుపునకు మాలిన్యము పూసిన యూరే యది. ఆగష్టు 4వ తేదీ తెల్లవాఱుజామున రెండు గంటలకు, ఏ వేళకు ఆయన ప్రతిదినమును గుడిలో కూర్చుండి యుండెడివాడో ఆ వేళకు, ప్రాణము పోయెను. క్రింద వీధిలో జనము తమ వంతుకై కాచుకొనియే యుండిరి.